జ్వరం దిగిన ఇళ్ళు

ఆరుద్ర కార్తె. ఉక్క. వాన జాడ లేదు.

దోమల సాలలో ఏం జరిగినా జరగకపోయినా రోజూ ఈ పుస్తకంలో రాయాలని రూలు. ఆ రూలు పెట్టిన మహానుభావులెవరూ ఒక్క పూట కూడా ఇక్కడ కూర్చున్నవాళ్ళు కారు.

పొద్దున్నే వచ్చి, రెండు తలుపులూ ఒకదాని తర్వాత ఒకటి మూసుకుని, పంజరం ముందు స్టూలు వేసుకుని ఎడమ చెయ్యి వలలోకి పెట్టాను. నెత్తురు తాగనిదే ఆడదోమ గుడ్లు పెట్టదు. ఇంటికొకరు చొప్పున వంతుల మీద వచ్చి చెయ్యి పెట్టాలని ఊరి కట్టుబాటు. ఈరోజు వంతు సన్యాసమ్మది. నడుం నొప్పి అని కబురు పంపింది. చేతికీ నడుముకీ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. ఎవరికి నడుం పట్టేసినా పంజరంలోకి పోయేది నా చెయ్యే. ఈ ఎడమ చెయ్యి కాకరకాయలా తయారై ఎన్నేళ్ళయిందో.

విసుగ్గా ఉంది కానీ మానేస్తే కుదరదు. సముద్రం మీదికొచ్చి పల్లంలో బావులన్నిటినీ ఉప్పు చేశాక అందరం ఈ కొత్తమెట్ట ఎక్కాం. ఇక్కడ వాననీళ్ళే ఆధారం. ప్రతి డాబా మీదా తొట్టె, తొట్టె పక్కన డ్రమ్ము, డ్రమ్ము పక్కన బిందె. నీళ్ళు దాచుకోకపోతే దాహంతో చస్తాం, దాచుకుంటే దోమలు గుడ్లు పెడతాయి. అందుకే మా అమ్మ కాలం నుంచీ ఈ సాల నడుస్తోంది. ఇక్కడ మగదోమలను పెంచి, కిరణాల పెట్టెలో కాసేపు ఉంచి, బయటికి వదులుతాం. వాటితో జతకట్టిన ఆడదోమ పెట్టిన గుడ్లు పొదగవు. మగదోమ కుట్టదు, దాని తిండి పూల తేనె. నలభై ఏళ్ళుగా కొత్తమెట్టలో దోమకాటు ఎరిగినవాళ్ళు పంజరంలో చెయ్యి పెట్టినవాళ్ళే. ఎగిరే దోమను కొట్టడమంటే ఇక్కడ పెద్దల ముందు కాలు మీద కాలేసుకున్నంత తప్పు. పెళ్ళికూతురు అత్తవారింటికి వస్తే గుమ్మంలో ముందుగా మగదోమల డబ్బా మూత తీసి, ఆ తర్వాతే కుడికాలు లోపల పెడుతుంది.

మేత ఇంకా సగమే. రోహిణి కార్తెలో తుఫాను వల్ల సరుకుల పడవలు రాలేదు. లార్వాలకు వేసే ఎండుచేపల పొడిలో సగం బడి వంటశాలకు ఇవ్వాలని నీళ్ళ కమిటీ తీర్మానించింది. కమిటీ పెద్ద మా తమ్ముడు కూర్మయ్యే. గంజిలో ఆ పొడి కలిపి పిల్లలకు పోశారు. నేనూ చెయ్యెత్తాను. ఎత్తనివాళ్ళు లేరు. పడవలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి కానీ పొడి ఇంకా రాలేదు.

ఒకటి మాత్రం సుఖంగా ఉంది. జల్లెడ పని తొందరగా అయిపోతోంది. లార్వా ముదిరితే కామా గుర్తులా వంకర తిరిగి నీళ్ళమీద తేలుతుంది, మేము కామాలనే అంటాం. మగ కామా సన్నం, ఆడది లావు. జల్లెడలో పోస్తే సన్నవి కిందికి జారతాయి. ఈ నెలంతా జారేవే ఎక్కువ. కరువులో మగ సంతానం ఎక్కువని మా అమ్మ అనేది, నిజమే కాబోలు.

ఆరుద్ర. చివరికి వాన.

పోలేశ్వరి వచ్చింది. కూర్మయ్య కూతురు. తల్లి పోయాక నా దగ్గరే పెరిగింది. పడవ ఇంజన్లు విప్పి బిగిస్తుంది, నోరు మాత్రం ఎవరూ బిగించలేరు. మృగశిర కార్తెలో పెళ్ళయి రెండు వీధుల అవతలికే వెళ్ళింది. ఆ రెండు వీధులకే నా ఇల్లు ఎంత బోసిపోయిందో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

వస్తూనే మోచెయ్యి చూపించింది. "అత్తా, ఇదేటో సూడు. పొక్కు. గోకినకొద్దీ హాయిగున్నాది, మానబుద్ధి కాదు."

దోమకాటు నేను గుర్తుపట్టనా! "ఎక్కడ కుట్టింది?"

"ఇంట్లోనే. పగటేల బట్టలు మడతెడతన్నాను. వాలినాది. మన్దే కదా అని ఊరుకున్నాను. ముద్దుగా కూడా ఉన్నాది, కాళ్ళకి తెల్ల సారలు."

వాలినదాన్ని కొట్టకుండా ఊరుకోవడమే మర్యాదని నేర్పింది నేనే. పెళ్ళికి దక్షిణాది రేవు నుంచి పెళ్ళికొడుకు తరఫువాళ్ళు పడవల్లో వచ్చారు. వాళ్ళ నీళ్ళ పీపాల్లో బయటి దోమలు వచ్చి ఉంటాయనిపించింది. ఆ చుట్టాల్లో ఒకడు విడిదిలో ఒళ్ళు నొప్పులని దుప్పటి కప్పుకుని పడుకున్న సంగతి కూడా గుర్తొచ్చింది. పెళ్ళి భోజనం ఎక్కువై ఉంటుందని అప్పుడు నవ్వుకున్నాం.

బయటి ఆడదోమలు వస్తే మందొకటే, మన మగవాటిని ఇంకా ఎక్కువ వదలడం. పోలి చేతికి రెండు డబ్బాలిచ్చి, ఇంట్లో మూత తీసుకోమని చెప్పాను.

"పెళ్ళినాడు ఎర్ర డబ్బా ఇచ్చినావు, ఇయి నీలివేటి?"

"పెళ్ళికి ఎర్రపొడి చల్లుతాం, మామూలు రోజుల్లో నీలం. ఏ దోమ ఏనాటిదో తెలియాలి కదే."

"అయితే మళ్ళీ పెళ్ళి సేసుకుంటే గానీ ఎర్రయి ఇవ్వవన్నమాట," అని నవ్వుకుంటూ వానలోనే వెళ్ళిపోయింది.

పునర్వసు కార్తె. మబ్బు. పంజరాల గది చెమ్మగా ఉంది.

పొక్కులు వీధి వీధికీ వచ్చాయి. డబ్బాలు కావాలని సాల ముందు జనం బారులు తీరారు. కూర్మయ్య కమిటీ తరఫున వచ్చి, "ఉన్నయన్నీ ఇచ్చీయప్పా, దాసి ఏటి సేసుకుంటాం," అన్నాడు. ఇచ్చేశాను. రాత్రింబగళ్ళు జల్లెడ పట్టి రెట్టింపు వదిలాం. ఇంత పని ఈ మధ్యకాలంలో చెయ్యలేదు. చేతులు లాగేస్తున్నాయి.

డబ్బాలు తీసినకొద్దీ కాట్లు పెరుగుతున్నాయి. బయటివి అంత ఎక్కువగా వచ్చాయా అని ఆశ్చర్యం.

పునర్వసు. ముసురు.

పోలికి జ్వరం. ఇంకా చాలా ఇళ్ళలో జ్వరాలు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు కొండమీది ఆస్పత్రితో మాట్లాడే రేడియో స్తంభం గాలికి కూలింది.

పోలి ఒళ్ళు పెనంలా కాలుతోంది. కళ్ళ వెనక ఎవరో వేళ్ళు పెట్టి నొక్కుతున్నట్టుందట. ఎముకలు విరిగిపోతున్నాయట. మా ఊరి చిన్న ఆస్పత్రి నర్సు సలోమి వచ్చి జ్వరం మాత్ర వేసి, నీళ్ళు బాగా తాగించమంది. గుమ్మం బయటికొచ్చాక నన్ను ఆపి, "అమ్మా, దోమల వల్ల వచ్చే జ్వరాలని చదివాను గానీ ఒక్కటీ చూడలేదు. మా ప్రొఫెసర్లు కూడా చూడలేదు. మీ అమ్మగారు ఏమైనా చెప్పేవారా?" అంది.

మా అమ్మ చాలా చెప్పింది. వెనకటి రోజుల్లో ఇంటింటా పడేవారని, ఎముకలు విరిగే జ్వరం అనేవారని, బొప్పాయి ఆకుల కోసం కొట్టుకునేవారని. ఎలా బతికారో ఎలా పోయారో మాత్రం చెప్పలేదు. జ్వరం లేని ఊళ్ళో జ్వరం కబుర్లెందుకని నేనూ అడగలేదు.

పోలి మంచం పక్కన ఆమె భర్త అసిరయ్య ఇంకో డబ్బా మూత తీశాడు. దిష్టి పోతుందన్నట్టు మంచం చుట్టూ తిప్పి మరీ తీశాడు. నేను పక్కనే ఉన్నాను. దణ్ణం కూడా పెట్టుకున్నాను.

పునర్వసు. అదే ముసురు.

మధ్యాహ్నం పోలి నుదుటిమీద తడిగుడ్డ మారుస్తుంటే నా కుడిచేతి మీద ఒకటి వాలి కుట్టింది. ఎడమ చేతికి అలవాటే గానీ కుడిచెయ్యి ఎరగదు, ఉలిక్కిపడ్డాను. కొట్టడానికి చెయ్యి రాలేదు. గ్లాసు బోర్లించి పట్టాను.

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మగదాని మీసాలు కుచ్చులా ఉంటాయి. దీనివి బోడి మీసాలు. ఆడది. సరే, బయటిదే అనుకున్నాను. గ్లాసు తిప్పితే వెలుతురు పడి దాని వీపు మీద ఎర్రగా మెరిసింది.

పెళ్ళిపొడి!

ఆ గదిలోనే ఇంకో మూడింటిని పట్టాను. అన్నీ ఆడవే, అన్నిటిమీదా నీలం. బయటి దోమ ఒక్కటీ లేదు. అన్నీ నా చేతి నెత్తురు తాగిన తల్లులకు పుట్టినవే.

సాలకు వచ్చి జల్లెడ కింద పడ్డ కామాలను గిన్నెలోకి తీసి భూతద్దం కింద పెట్టాను. అర్థమైపోయింది. చాలినంత మేత లేక ఆడవి కూడా మగవాటంత సన్నగా తయారయ్యాయి. జల్లెడ దానికి తెలిసిన పని అది చేసింది. సన్నవన్నీ కిందికి జారాయి. జారినవన్నీ మగవే అనుకుని మేము డబ్బాల్లో పోసి ఊరంతా పంచాం. వాటికి పిల్లలు పుట్టరు. కుట్టడానికి మాత్రం అడ్డేమీ లేదు. దక్షిణాది రేవు నుంచి వచ్చిన ఆ చుట్టాన్ని కుట్టి, జ్వరాన్ని వారం పది రోజులు కడుపులో మోసి, ఒక్కో ఇంటికీ చేర్చాయి. కాట్లు పెరిగినకొద్దీ మేము ఇంకా డబ్బాలు తీశాం.

పోలి గదిలో తీసిన డబ్బాలు నేనిచ్చినవే.

పునర్వసు. తెరపి.

కూర్మయ్యను సాలకు పిలిపించి గిన్నె చూపించాను. జరిగింది చెప్పాను.

"అంటే... బడి గుంటలకి పెట్టిన పొడేనా అప్పా?"

"ఆ పొడే."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఆ నెల పిల్లలు ఏమయ్యేవారో నీకూ తెలుసు."

తొట్టె గట్టుమీద కూర్చున్నాడు. "ఇప్పుడేటి సేద్దాం? వదలడం మానేత్తే జనం ఊరుకోరు. మన్ని మనమే సంపుకుంటున్నామంతారు."

"వదిలితేనే చచ్చేది," అని నాకు తెలియకుండానే అరిచాను. తర్వాత జాలేసింది. వాడి కూతురే మంచంలో ఉంది. డబ్బాల్లో ఉన్న కామాలన్నిటి మీదా మరిగే నీళ్ళు పోశాం. వాడు బిందె పట్టుకున్నాడు, నేను వంచాను. పంజరాల్లోని తల్లుల జోలికి పోలేదు. పొడి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాలి కదా. బయట తిరుగుతున్నవి వాటి ఆయుష్షు తీరి పోవడానికి నెల పడుతుంది. అంతవరకు తొట్లకు గుడ్డలు కట్టుకోవాలి, దోమ కనిపిస్తే కొట్టాలి.

సాయంత్రం బడి ఆవరణలో ఊరందరికీ జరిగింది చెప్పాం, పొడి సంగతితో సహా. తిట్టేవాళ్ళు తిట్టారు. ఆ తర్వాత దోమను కొట్టడం నేర్పాను. నవ్వొచ్చే పనే, ఎవరూ నవ్వలేదు. నా తొడమీద నేనే చరుచుకుని చూపిస్తే ముసలివాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. ఒకాయన భజనలో తాళం వేసినట్టు మెల్లగా చప్పట్లు కొట్టాడు. సన్యాసమ్మ చేతిమీద నిజంగానే ఒకటి వాలింది. అందరం కొట్టు కొట్టు అంటే, చెయ్యెత్తి, "పాపం," అని దించేసింది. అసిరయ్య వెళ్ళి ఆవిడ చేతిమీద చరిచాడు. మచ్చంత నెత్తురు. ఆవిడ ఏడ్చేసింది.

పుష్యమి కార్తె. ఎండ.

పోలికి జ్వరం దిగింది!

పొద్దున చెయ్యి పెట్టి చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది. నమ్మలేక సలోమిని పిలిపించాను. కొలిచి చూసి ఆ పిల్ల కూడా నవ్వింది. ఊరి ఆస్పత్రిలో మంచాలు చాలక నేలమీద పడుకోబెడుతున్నారు, పోలిని ఇంట్లోనే ఉంచమంది. కూర్మయ్య వీధి వీధంతా బెల్లం పంచాడు. తిట్టిన వాళ్ళు కూడా వచ్చి పోలిని చూసి తమ ఇంట్లో వాళ్ళకీ తగ్గుతుందని ధైర్యం తెచ్చుకుని వెళ్ళారు.

పోలి రెండు ముద్దలు పెరుగన్నం తిని, కడుపులో నొప్పి అంది.

"ఇన్నాళ్ళకి తింటే నొప్పి రాదేటే," అన్నాను.

"నువ్వు తినిపిత్తే ఎప్పుడూ నొప్పేలే," అంది. ఆ మాటకి అందరం నవ్వాం. కాస్త వాంతి చేసుకుంది. నీరసమని పడుకోనిచ్చాం.

నేను ఇంటికొచ్చి చాప వేసుకుని పడుకున్నాను. ఎన్నాళ్ళ తర్వాతో ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

పుష్యమి.

పోలేశ్వరి పోయింది.

నేను నిద్రలో ఉండగా కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయట. జ్వరం పోయింది కదా, చల్లగానే ఉంటాయనుకున్నారు. అటూ ఇటూ పొర్లుతుంటే నిద్ర పట్టడం లేదనుకున్నారు. చిగుళ్ళ నుంచి నెత్తురు వచ్చాక నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి నాడి అందలేదు. సలోమి పోలి చెయ్యి పట్టుకుని సూది గుచ్చడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో. పోలి నా ముఖం చూసి గుర్తుపట్టింది. ఏదో వెటకారం చేయబోతున్నట్టు పెదవి కదిపింది. అంతే.

ఇంక రాయలేను.

పుష్యమి. ఏ రోజో చూడలేదు.

రేడియో బాగుపడింది. కొండమీది ఆస్పత్రిలో ఒక ముసలి డాక్టరున్నాడు, చిన్నతనంలో ఈ జ్వరాలు చూసినవాడు. సలోమి మాట్లాడుతుంటే పక్కనే కూర్చుని విన్నాను. ఆయన మొదట అడిగింది జ్వరం ఎంతమందికి వచ్చిందని కాదు. ఎంతమందికి దిగింది, దిగినవాళ్ళు ఎక్కడున్నారు అని.

ఈ జ్వరంలో ప్రమాదం జ్వరం ఉన్నప్పుడు కాదట, దిగినప్పుడట. ఒళ్ళు చల్లబడ్డ ఆ ఒకటి రెండు రోజుల్లోనే నెత్తుట్లోని నీరు నాళాల్లోంచి బయటికి ఊరిపోతుందట. కడుపు నొప్పి, వాంతి, చల్లని చేతులు, కుదురు లేకపోవడం అన్నీ దాని గుర్తులే. అప్పుడు ఆస్పత్రిలో ఉండి సెలైన్ ఎక్కితే చాలామంది బతుకుతారు. వెనకటి రోజుల్లో ఇది ప్రతి తల్లికీ తెలుసని, మీ ఊళ్ళో ఎవరూ చెప్పలేదా అని ఆయన అడిగాడు. సలోమి రేడియో పట్టుకుని ఏడ్చింది. ఆ పిల్లనేమనగలం? జబ్బును ఊరు దాటించాం. దానితోపాటే జబ్బు గురించి తెలిసినవన్నీ దాటిపోయాయి.

కూర్మయ్య సాల మెట్లమీద కూర్చుని ఉన్నాడు. "పొడి ఇమ్మన్నది నానే. బెల్లం పంచినదీ నానే," అన్నాడు.

"చెయ్యెత్తింది నేను, కడుపు నొప్పంటే నవ్వింది కూడా నేను," అన్నాను. "ఏడ్చేది తర్వాత ఏడుద్దాం, లే. చల్లబడ్డ ఒళ్ళు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి."

ఊరి ఆస్పత్రిలో జ్వరంతో కాలేవాళ్ళను ఇళ్ళకు పంపించి, జ్వరం తగ్గినవాళ్ళను మంచాలెక్కించాం. తలకిందుల పనిలా ఉందని అందరూ మామీద విరుచుకుపడ్డారు. పడ్డాం.

పుష్యమి. తుంపర.

ఇప్పుడు నా ఉద్యోగం ఇంటింటికీ తిరగడం. నేనూ, కూర్మయ్యా, అసిరయ్యా వీధులు పంచుకున్నాం. నన్ను చూస్తే తలుపులు వేసుకుంటున్నారు. జ్వరం దిగిన ఇంటికి తవిటమ్మ వస్తే చావొస్తుందని నాకు పేరు పడింది. పేరుదేముంది. నిన్న అలా తలుపు వేసుకున్న ఇంట్లోంచే ఒక పిల్లాణ్ణి ఎత్తుకొచ్చాం. ఈరోజు సెలైన్ సీసా కింద కూర్చుని గంజి అడుగుతున్నాడు. ఇంకో ఇంట్లో ఆలస్యమైంది. కాళ్ళు పీకేస్తున్నాయి. పోలి గుర్తొస్తే దారిలోనే నిలబడిపోతున్నాను, మళ్ళీ కదులుతున్నాను.

ఆఖరి వీధిలో వలలు అల్లే దాలినాయుడి ఇంటికి వెళ్ళాను. పెళ్ళాం బోడెమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. తలంటుకుని బొట్టు పెట్టుకుంది. ముఖం కళకళలాడుతోంది.

"తెల్లారగట్ల దిగిపోనాదప్పా జొరం! సల్లగా పడుకున్నాడు. ఇంక బయ్యం నేదు."

ఆవిడను తప్పించుకుని లోపలికి వెళ్ళి దాలినాయుడి చెయ్యి పట్టుకున్నాను. నూతినీళ్ళలో ముంచి తీసినట్టుంది. కళ్ళు తెరిచి, కడుపులో నొప్పిగా ఉందన్నాడు.

"మంచం పట్టు," అన్నాను బోడెమ్మతో. "నువ్వు తలవైపు, నేను కాళ్ళవైపు."

"దిగిపోనాదంతన్నాను కదప్పా," అంది. నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"అందుకేనమ్మా," అని నేను మంచం కోళ్ళ దగ్గర వంగాను.